మీది ఏ ప్రకృతి? ముందు మీరేం పని చేస్తారో చెప్పండి

మా ఆఫీసులో ఈ మధ్య కొత్త పలకరింపు ఒకటి మొదలైంది. ఇదివరకు "ఏ కాలేజీ, ఏ బ్యాచ్, ఏ ప్రాజెక్టు" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు "నువ్వు వాతమా, పిత్తమా?" అంటున్నారు. క్యాంటీన్లో ఒకాయన పెరుగన్నం పక్కకి నెట్టేసి "నేను కఫం అండీ, పడదు" అంటాడు. మీటింగులో ఒకావిడ అందరి మీదా కయ్యిమని లేచి, తర్వాత తాపీగా "ఏమనుకోకండి, నాది పిత్త ప్రకృతి" అని సర్దుకుంటుంది. అంతా ఫోన్లో వచ్చే క్విజ్జు పుణ్యం. పన్నెండు ప్రశ్నలు, రెండు నిమిషాలు, చివర్లో మూడు రంగుల గుండ్రటి బొమ్మ. దాని కింద "మీ శరీర తత్త్వానికి తగిన" చూర్ణం, మొదటి ఆర్డరుకి పది శాతం తగ్గింపు.

వెక్కిరించడం చాలా తేలిక. నాకా హక్కు లేదు. ఎందుకంటే ఆ క్విజ్జు నేను చేయడమే కాకుండా మా మావయ్య చేత కూడా చేయించాను. ముందు ఆ సంగతి చెబుతాను, వాదన తర్వాత.

మాది గిలకలదిండి. బందరు దాటి సముద్రం వైపు పోతే చిట్టచివర వచ్చే చేపల రేవు. బోట్లు మొగ దాటి లోపలికి రావాలంటే పోటు కోసం కాచుకు కూర్చోవాలి, ఎందుకంటే మొగ పూడిపోతూ ఉంటుంది. మా అమ్మ తమ్ముడు అక్కడ ఒక మరబోటుకి సరంగు. 2023 సంక్రాంతికి ఊరెళితే మనిషి సగమైపోయి కనపడ్డాడు. అప్పటికి ఆయనకి యాభై ఏడేళ్ళు.

"ఏం మావయ్యా, ఇలా అయిపోయావ్?"

"నిద్దర లేదురా అల్లుడూ. అరికాళ్ళు మంటలు. ఒంట్లో సత్తువ లేదు."

నేనేం చేయాలి? బందరు తీసుకెళ్ళి రక్తం తీయించాలి. అరగంట పని. కానీ నేను సాఫ్టువేరు వాణ్ణి కదా, నా జేబులో అన్నిటికీ ఒక యాప్ ఉంటుంది. అరుగు మీద కూర్చోబెట్టి ప్రశ్నలడిగాను. మీ చర్మం ఎలా ఉంటుంది? పొడిగా, గరుకుగా. కీళ్ళు చప్పుడు చేస్తాయా? చేస్తాయి. నిద్ర? తెగి తెగి వస్తుంది. ఆకలి? ఒక్కో పూట ఒక్కోలా. ఒళ్ళు? సన్నం. చేతులు కాళ్ళు పగులుతాయా? సమాధానం చెప్పలేదు, అరచేతులు చూపించాడు. కలలో ఏం కనిపిస్తుంది: ఎగరడం, మంటలు, నీళ్ళు? "నీళ్ళు కాక ఇంకేం కనపడతాయిరా నాకు" అని నవ్వాడు.

ఫలితం: వాతం 78 శాతం, పిత్తం 14, కఫం 8. ఆ ఎనిమిదీ ఆ కల పుణ్యమే అనుకుంటా.

సలహాలు కూడా అక్కడే వచ్చేశాయి. వాతానికి తీపి, పులుపు, ఉప్పు రుచులు మంచివట. గోరువెచ్చని పాలల్లో బెల్లం, రోజూ ఖర్జూరాలు, నెయ్యి, తీపి పళ్ళు. ఎండబెట్టిన పదార్థాలు మానాలట, అంటే మా ఇంట్లో ఉప్పు చేప బంద్. మూడు నెలల చూర్ణం కొరియర్లో పంపించాను, హైదరాబాదు వచ్చాక మళ్ళీ మూడు నెలలకి. మా అత్త పాపం నమ్మకంగా రోజూ రాత్రి గ్లాసుడు బెల్లం పాలు ఇచ్చేది. మావయ్యకి బందరు లడ్డు అంటే ప్రాణం. "యాప్‌లో తినమన్నారు కదే" అని అదీ లాగించేవాడు.

నవంబరులో వల విదిలిస్తుంటే జెల్ల ముల్లు కాలి వేలికి దిగింది. దిగినట్టు ఆయనకి తెలియలేదు. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఎంత నొప్పో మా ఊళ్ళో పిల్లల్ని అడిగినా చెబుతారు. అది తెలియలేదంటేనే అర్థం చేసుకోవాలి. పది రోజుల తర్వాత వేలు నల్లబడితే, "వాతం కదా" అని బందరులో ఒక పాతకాలపు ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్ళారు. ఆయన ప్రకృతి గురించి ఒక్క ముక్క అడగలేదు. కాలు చూశాడు. రాత్రి ఎన్నిసార్లు లేస్తావన్నాడు. దాహం ఎక్కువా అన్నాడు. తర్వాత మా అత్త వైపు తిరిగి, "అమ్మా, ఈయన మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయా?" అన్నాడు. పడుతున్నాయి. ఏడాది నుంచీ పడుతున్నాయట. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆయన పొడీ ఇవ్వలేదు, లేహ్యమూ ఇవ్వలేదు, చీటీ మీద షుగరు పరీక్ష రాసి ఈ పూటే ఆస్పత్రికి వెళ్ళమన్నాడు. షుగరు నాలుగు వందలు దాటి ఉంది. రెండు వేళ్ళు తీసేశారు.

నా బెల్లం పాలు పది నెలలు తాగాడాయన.

ఇప్పుడు ఇది చదివి "ఆయుర్వేదం అంతే, మోసం" అని మొదలెట్టేవాళ్ళుంటారు. ఆగండి. మావయ్య జబ్బు కనిపెట్టింది ఆయుర్వేద వైద్యుడే. ప్రమేహం రాబోయే ముందు కనబడే గుర్తుల్లో ఒంటికీ మూత్రానికీ చీమలు పట్టడం ఒకటని చరకుడు రాసి పెట్టాడు. ఆ జబ్బు పడ్డవాళ్ళలో లావుగా బలంగా ఉండేవాళ్ళు వేరు, చిక్కిపోయి నీరసంగా ఉండేవాళ్ళు వేరు, ఇద్దరికీ ఒకే చికిత్స పనికిరాదని కూడా చెప్పాడు. అంటే మా మావయ్య లాంటి మనిషి ఆ పుస్తకంలో ఉన్నాడు. క్విజ్జులో లేడు. నా కోపం ఆ తేడా మీద.

అప్పటి నుంచి కసి కొద్దీ అనువాదాలు పెట్టుకుని చదివాను. సంస్కృతం నాకు అంతంత మాత్రమే, పండితుణ్ణని చెప్పుకోను. కానీ డాక్యుమెంటేషను చదవకుండా లైబ్రరీ వాడితే ఏమవుతుందో మన వృత్తిలో అందరికీ తెలుసు. ఇక్కడ జరిగింది అచ్చం అదే.

చరక సంహిత విమాన స్థానం ఎనిమిదో అధ్యాయంలో రోగిని పది రకాలుగా పరీక్షించమంటాడు. ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. మన భాషలో చెప్పాలంటే పది ఫీల్డులున్న ఒక రికార్డు. ప్రకృతి అంటే పుట్టుకతో వచ్చిన బేస్‌లైను. వికృతి అంటే ఇప్పుడున్న స్థితికీ ఆ బేస్‌లైనుకీ మధ్య డిఫ్, అంటే జబ్బు. సాత్మ్యం అంటే ఒంటికి అలవాటు పడినది. మిగతావి ధాతువుల బలం, ఒంటి కట్టు, కొలతలు, మనోబలం, ఎంత తిని అరిగించుకోగలడు, ఎంత శ్రమ తట్టుకోగలడు, వయసెంత. మన క్విజ్జు ఏం చేసిందీ? పదిలో తొమ్మిది పారేసింది. మిగిలిన ఒక్కదాన్ని మూడు విలువల ఈనమ్ చేసింది. పైగా ఆ ఒక్క ఫీల్డులోకీ డిఫ్‌ని తీసుకొచ్చి బేస్‌లైను అని రాసేసింది!

ఇదే అసలు తప్పు, కాబట్టి ఇక్కడ కాసేపు కూర్చుందాం.

వాత ప్రకృతి లక్షణాలు చరకుడు ఊరికే జాబితా ఇచ్చి వదిలేయలేదు. ముందు వాతానికి గుణాలు చెప్పాడు: రూక్షం, లఘువు, చలం, శీఘ్రం, శీతం, పరుషం ఇలా. ఒక్కో గుణం నుంచి ఒంట్లో ఏమేం కనబడతాయో రాబట్టాడు. ఎండుదనం వల్ల ఒళ్ళు సన్నగా పొడిగా ఉంటుంది, గొంతు బొంగురుగా ఉంటుంది, నిద్ర పట్టదు. గరుకుదనం వల్ల వెంట్రుకలు, గోళ్ళు బిరుసుగా ఉంటాయి. పద్ధతి ముచ్చటగానే ఉంటుంది, బేస్ క్లాసు నుంచి లక్షణాలు వారసత్వంగా దిగినట్టు. ఒళ్ళు పగలడం, నడుస్తుంటే కీళ్ళు చప్పుడు చేయడం కూడా అందులో ఉన్నాయి.

ఇప్పుడు ఆ లక్షణాలు పట్టుకుని గిలకలదిండి రేవులోకి రండి. వారం పది రోజులు సముద్రం మీద ఉండి వచ్చిన బోటు దగ్గర నిలబడండి. వల వేయడం, లాగడం మధ్యలో దొరికే ఒకటి రెండు గంటలే నిద్ర. తిండికి వేళ ఉండదు, వల పైకొచ్చినప్పుడు ఎవరూ కంచం ముందు కూర్చోరు. ఉప్పు నీళ్ళు, ఐసు, ఎండ, తాడు, నాలుగూ కలిసి అరచేతుల్ని చెక్క చేస్తాయి. ఇంజను హోరులో అరిచి అరిచి గొంతు బొంగురు పోతుంది. మోకాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఇక క్విజ్జు పెట్టండి. బోటు బోటంతా వాత ప్రకృతే! ఇంతమంది ఒకే నక్షత్రంలో కాదు, ఒకే ప్రకృతితో పుట్టి ఏరికోరి ఒకే బోటు ఎక్కారన్నమాట.

నమ్మకపోతే నేను చేసిన చిన్న పరీక్ష చెబుతాను (శాస్త్రీయం అననులెండి, ఒక్క మనిషి మీద చేసింది). తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మా బావమరిది, మావయ్య కొడుకే, బోటు మీదే పని. వాడు మార్చిలో వేట నుంచి వచ్చిన రోజు ఆ యాప్‌లోనే క్విజ్జు చేయించాను. వాతం. మే నెలాఖర్లో మళ్ళీ చేయించాను. అప్పటికి నలభై రోజులుగా ఇంటి పట్టున ఉన్నాడు, రాత్రంతా నిద్ర, వేళకి అన్నం, నాలుగు కిలోలు పెరిగాడు, వాళ్ళావిడ రాసిన కొబ్బరి నూనెకి చర్మం నున్నబడింది. కఫం. మనిషి అదే, యాప్ అదే, ప్రశ్నలు అవే. పుట్టుకతో వచ్చి చచ్చేదాకా మారనిది నలభై రోజుల్లో మారిపోయింది. సుశ్రుతుడైతే ప్రకృతి మారడం చావు దగ్గరపడ్డవాడిలోనే అంటాడు. మా బావమరిది నిక్షేపంలా ఉన్నాడు, నిన్న కూడా డబ్బులడిగాడు.

మీరు బోటు ఎక్కరు కదా అనుకోకండి. అమెరికా క్లయింటు వేళలకి పనిచేస్తూ తెల్లవారు జామున మూడింటికి పడుకునేవాడికి నిద్ర తెగకుండా ఎలా వస్తుంది? ఆకలి ఒక్క వేళకి ఎలా వేస్తుంది? రోజంతా ఏసీలో కూర్చుంటే చర్మం పొడిబారక ఏమవుతుంది? రిలీజు ముందు వారం ఎవరికి మాత్రం ఆలోచనలు గెంతులేయవు? మా టీములో క్విజ్జు చేసినవాళ్ళలో రాత్రి షిఫ్టు వాళ్ళు దాదాపు అందరూ వాతమే. అది తత్త్వం కాదు, రోస్టరు. ఈ క్విజ్జు చేసే దొంగపని ఇదే. నీ పని నీ ఒంటికి ఏం చేసిందో అన్నీ వివరంగా అడుగుతుంది, ఏం పని చేస్తావని మాత్రం అడగదు. అడిగిన సమాధానాలన్నీ మూటగట్టి "ఇది నీ పుట్టుక" అంటుంది. షిఫ్టు మార్చమని మేనేజరుని అడగాల్సినవాడు అశ్వగంధ ఆర్డరు పెట్టుకుంటాడు. కంపెనీకి హాయి, యాప్‌కి హాయి.

అసలు పాత పుస్తకాలు ప్రకృతిని ఇంత ఒంటరిగా ఎప్పుడూ చూడలేదు. చరకుడే ఇంకోచోట ప్రకృతి మీద కులం, దేశం, కాలం, వయసు ప్రభావం ఉంటుందంటాడు. వయసు పైబడ్డాక ఎవరికైనా వాతం ఎక్కువే అంటాడు. నీళ్ళూ చిత్తడీ ఉండే నేలని అనూప దేశం అని, అక్కడ వాత కఫాలు ఎక్కువని చెబుతాడు. మడ అడవులూ ఉప్పుటేళ్ళూ ఉన్న మా బందరు తీరం ఆ వర్ణనకి సరిగ్గా సరిపోతుంది. ఇక సాత్మ్యం దగ్గర నాకు భలే నచ్చిన మాట ఉంది. ఏ దేశం వాళ్ళకి ఏ తిండి అలవాటో చెబుతూ, తూర్పు దేశాల వాళ్ళకి చేపలు, సింధు దేశం వాళ్ళకి పాలు అని వరసగా చెప్పి, ఆ అలవాటుకి తగ్గట్టే వైద్యం చెయ్యమంటాడు. రెండు వేల ఏళ్ళ నాటి పుస్తకానికి చేపలు తినేవాళ్ళున్నారని తెలుసు. మొన్న తయారైన యాప్‌కి తెలియదు, ఎవరొచ్చినా పాలూ నెయ్యీ ఖర్జూరమే. మా మావయ్య చేపా అన్నమూ తిని యాభై ఏడేళ్ళు బతికాడు. ఆయన కంచంలో ఉప్పు చేప తీసేసి బెల్లం పెట్టింది నేను. (ఉప్పు చేప ఆరోగ్యమని నేననట్లేదు, బీపీ ఉన్నవాళ్ళు జాగ్రత్త. చరకుడు కూడా ఉప్పు అతిగా వాడొద్దనే చెప్పాడు.)

ఇంకా గమ్మత్తైన సంగతి. "నేను వాతాన్ని" అని మనవాళ్ళు మెళ్ళో బిళ్ళలా వేసుకు తిరుగుతారా, చరకుడి లెక్కలో మూడూ సమంగా ఉన్నవాడే ఆరోగ్యవంతుడు. వాతలుడు, పిత్తలుడు, శ్లేష్మలుడు ముగ్గురూ ఎప్పుడూ ఏదో ఒక జబ్బుకి దగ్గరగా ఉండేవాళ్ళే. అంటే అది గొప్ప చెప్పుకునే బిరుదు కాదు, జాగ్రత్త చీటీ. సుశ్రుతుడు కొంచెం దయగా, విషంలో పుట్టిన పురుగుని విషం చంపనట్టు ఎవరి ప్రకృతి వాళ్ళని అంతగా బాధించదంటాడు. ఇద్దరి మాటలూ పూర్తిగా కలవవు, చూశారా? పుస్తకాల్లోనే చర్చ ఉంది. ఆ చర్చంతా తీసేసి గుండ్రటి బొమ్మ మిగిల్చారు.

ఈ గుండ్రటి బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? మన వైద్యుల దగ్గర్నుంచి మాత్రం కాదు. మన ఆంధ్ర వైద్యులు తరతరాలుగా నమ్ముకున్న బసవరాజీయం నాడి, రోగ లక్షణాలు, మందులు పట్టుకుని నడుస్తుంది, నీ టైపు ఏమిటో చెప్పుకు మురవమనదు. ఎవరికి వాళ్ళు మార్కులు వేసుకుని టైపు తేల్చుకోవడం 1980లు, 90లలో అమెరికాలో ఇంగ్లీషు పాఠకుల కోసం రాసిన పుస్తకాలతో ఊపందుకుంది. 1990ల మొదట్లో దీపక్ చోప్రా 'పర్ఫెక్ట్ హెల్త్' పుస్తకంలో అలాంటి పరీక్ష పెట్టాడు. అక్కడ అంతకు ముందే విలియం షెల్డన్ అనే ఆయన 1940లో మనుషుల్ని సన్నం, కండ, లావు అని మూడు ఒడ్డూ పొడవులుగా విడగొట్టి, ఒంటి తీరుని బట్టి స్వభావం చెప్పొచ్చని ప్రచారం చేసి ఉన్నాడు. శాస్త్రవేత్తలు ఆ సిద్ధాంతాన్ని తర్వాత పక్కన పెట్టేశారు, జనం బుర్రలో మాత్రం మూడు బొమ్మలూ ఉండిపోయాయి. వాతం అంటే సన్నం, పిత్తం అంటే మధ్యస్తం, కఫం అంటే లావు అని అతికించుకోవడం ఎంతసేపు? 'బాడీ టైపు' అనే మాట అలా సముద్రం దాటి పోయి, సముద్రం దాటి తిరిగొచ్చి, ఇప్పుడు మన తాతల విజ్ఞానం పేరుతో అమ్ముడుపోతోంది.

సరే, ఇక్కడ మా సైన్సు మిత్రులొకరు లేస్తారు. "జీన్స్‌లో కూడా ప్రూవ్ అయింది తెలుసా? మన హైదరాబాదు సీసీఎంబీ వాళ్ళే చేశారు" అని. నాకు నాలుగుసార్లు ఫార్వర్డ్ చేశారు. ఫార్వర్డ్ చేసినవాళ్ళెవరూ చదవలేదని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. ఆ పరిశోధన 2015లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో వచ్చింది. మంచి పనే. 3,416 మందిని పరిశీలించి, ప్రకృతి స్పష్టంగా తేలిన 262 మంది మగవాళ్ళని ఎంచుకున్నారు. వాళ్ళ జన్యువుల్లో 52 చోట్ల మూడు గుంపులకీ మధ్య తేడాలు కనిపించాయన్నారు. పీజీఎం1 అనే జన్యువుకీ పిత్త ప్రకృతికీ సంబంధం కనబడిందన్నారు.

కాలిక్యులేటరు తీయండి. 3,416లో 262 అంటే నూటికి ఎనిమిది కూడా కాదు. అంటే ఆయుర్వేదం నేర్చినవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూస్తే అధ్యయనానికి పనికొచ్చేంత స్పష్టంగా తేలినవాళ్ళు నూటికి ఎనిమిది లోపు. మన యాప్ నూటికి నూరుమందికీ రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది! ఆ పరిశోధన ఈ క్విజ్జుని సమర్థించడం లేదు, దాని పరువు తీస్తోంది. పైగా రెండు కొసల్లో ఉన్నవాళ్ళని ఏరి పోలిస్తే తేడాలు కనబడటం ఒక సంగతి. ఆ తేడాని బట్టి ఫలానా పొడి ఫలానా వాడికి పనిచేస్తుందనడం పూర్తిగా వేరే సంగతి. రెండోదాని గురించి ఆ పత్రం చెప్పనే లేదు.

సరిగ్గా దీనికి రెండేళ్ళ ముందు, 2013లో, ఇంకో పరిశోధన వచ్చింది, అదెవరూ ఫార్వర్డ్ చేయరు. రిజిస్టరైన 15 మంది ఆయుర్వేద డాక్టర్లు అదే 20 మంది ఆరోగ్యవంతుల్ని విడివిడిగా చూశారు. నాడి, నాలుక, ప్రకృతి మూడూ రాశారు. పదిహేను మందిని జంటలు కడితే 105 జంటలు. ఒకరి మాట ఇంకొకరితో ఎంతవరకు కలిసిందో లెక్కగడితే మొత్తం మీద పొత్తు తక్కువే, అందులోనూ నాడి దగ్గర మరీ అన్యాయం. ప్రకృతి దగ్గర కాస్త మెరుగు, అంతే. చదువుకున్న డాక్టర్లకే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏకాభిప్రాయం కుదరని విషయం, మనం బస్సులో నిలబడి బొటనవేలితో తేల్చుకుంటున్నాం.

ప్రభుత్వం సంగతి కూడా చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. 2024 నవంబరు 26 నుంచి నెల రోజులు ఆయుష్ మంత్రిత్వ శాఖ దేశమంతా ప్రకృతి పరీక్షలు చేయించింది. కోటి మంది లక్ష్యం, కోటి దాటేశారు. దానికి యాప్ ఉంది, ఇంటికొచ్చి ప్రశ్నలడిగే వాలంటీర్లున్నారు, ఎవరికి వాళ్ళు తేల్చుకునే బాపతు కాదు, అంతవరకు మెచ్చుకోవాలి. ఐదు గిన్నిస్ రికార్డులొచ్చాయి. అందులో ఒకటి డిజిటల్ సర్టిఫికెట్ పట్టుకుని జనం దిగిన ఫోటోల ఆల్బముకి. నేనడిగేది ఒకటే. కోటి మంది గుమ్మాల్లోకి మనిషి వెళ్ళాడు కదా, వెళ్ళినవాడి చేతిలో వేలు గుచ్చి షుగరు చూసే మిషను ఒకటి ఎందుకు లేదు? రాత్రి ఎన్నిసార్లు లేస్తావు, చీమలు పడుతున్నాయా, ఏం పని చేస్తావు అనే మూడు ప్రశ్నలకి సర్టిఫికెట్ రాదనా?

చట్టం పట్టుకుంటుందనుకుంటే అదీ లేదు. షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. యాప్ వాడికి ఆ సంగతి మీకన్నా నాకన్నా బాగా తెలుసు. అందుకే వాడెక్కడా "నయం" అనడు. "సమతుల్యం" అంటాడు. వాతాన్ని సమతుల్యం చేస్తుంది. ఏ జబ్బు పేరూ ఎత్తలేదు కాబట్టి ఏ జబ్బు ముదిరినా వాడికి సంబంధం లేదు.

నా తప్పు ఎక్కడుందో నేను చాలా రోజులు ఆలోచించాను. క్విజ్జు తప్పు సమాధానం ఇచ్చి ఉంటే నేను పట్టుకునేవాణ్ణి. అది మరీ సరిపోయే సమాధానం ఇచ్చింది. సన్నబడ్డాడా? వాతం. చర్మం ఎండిందా? వాతం. నిద్ర లేదా? వాతం. అరికాళ్ళ మంటలా? అదీ వాతమే. మన కోడులో ఖాళీ క్యాచ్ బ్లాకు ఉంటుంది చూడండి, ఏ ఎర్రర్ వచ్చినా మింగేసి ప్రోగ్రాం చక్కగా నడుస్తున్నట్టు చూపిస్తుంది. ఆ మాట అలా పనిచేసింది. జూనియర్లు అలాంటి కోడు రాస్తే రివ్యూలో నేనే చీల్చి చెండాడతాను. ఇంట్లో మనిషి దగ్గర మాత్రం పది నెలలు అలా వదిలేశాను. ఫోన్ చేసినప్పుడల్లా "ఎలా ఉంది మావయ్యా" అంటే "చిక్కిపోతున్నాన్రా" అనేవాడు. "వాతం వాళ్ళు అంతే మావయ్యా, చూర్ణం వేసుకుంటున్నావా" అనేవాణ్ణి.

మూడు దోషాలు ఒంట్లో నిజంగా ఉన్నాయని నేను నమ్మను. కానీ అందరికీ ఒకే మందు, ఒకే తిండి పనికిరాదు, ఎదుటి మనిషిని చూసి, ఊరు చూసి, అలవాటు చూసి వైద్యం చెయ్యాలనే మాట ఆ పుస్తకాల్లో ఉంది, అది చాలా విలువైన మాట. బందరు వైద్యుడు చేసింది అదే. చూడటానికి ఆయనకి పావుగంట పట్టింది. ఫీజు నూట యాభై. క్విజ్జు ఉచితం.

మావయ్య ఇప్పుడు వేటకి పోవడం లేదు. రెండు పూటలా ఇన్సులిన్, కాళ్ళకి మెత్తటి చెప్పులు. రేవు దగ్గర చెట్టు కింద వలలు బాగుచేస్తూ కూర్చుంటాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు నా ఫోను తీసుకుని "మళ్ళీ ఓసారి పెట్టరా, చూద్దాం" అన్నాడు. నాకు చేతులు రాలేదు. బావమరిదే ప్రశ్నలు చదివి నొక్కాడు. నిద్ర బాగా, ఆకలి వేళకి, చర్మం నున్నగా. కఫం 61 శాతం వచ్చింది.

మావయ్య చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని తెర వైపు చాలాసేపు చూశాడు. "రెండున్నరేళ్ళలో పుట్టుకే మారిపోయిందేంట్రా అల్లుడూ?" అన్నాడు. కింద కఫ చూర్ణం మీద పదిహేను శాతం తగ్గింపు అని వెలుగుతోంది. అత్త వచ్చి ఫోను లాక్కుని, "మీ మావకి ఇంజెక్షన్ టైమైంది, లే" అంది.